కోసంబరి: పచ్చి కూరకు తిరగవాత

పెన్న ఒడ్డునున్న రొద్దం, దానికి చుట్టుపక్కలనున్న హిందూపురం, పెనుకొండ ప్రాంతాలు కన్నడ సీమకు ఆనుకొని ఉన్నందున, అక్కడి శ్రీరామనవమి నైవేద్యంలో పానకంతో పాటు వడపప్పు, దానికి దగ్గరి బంధువైన కోసంబరి కనిపిస్తాయి. నానబెట్టిన పెసరపప్పులో దోసకాయ తురుము, కొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి, నిమ్మరసం పిండి, పైన తిరగవాత, అంటే వేడినూనెలో చిటపటలాడించిన ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోసే వంటకమే కోసంబరి. పాశ్చాత్యులు పచ్చి ఆకుకూరలపై నూనె, పులుపు, సువాసన ఆకులు కలిపి పోసుకొనే రసానికి ఇక్కడ సాటి వచ్చేది ఈ తిరగవాతే. కాకపోతే అక్కడ నూనె చల్లగా ఉంటుంది, ఇక్కడ కాగిన నూనె ఆవాల, ఆకుల పరిమళాన్ని తనలోకి లాగి పప్పుకు అంటిస్తుంది. ఉప్పు మాత్రం వడ్డించే ముందే కలపాలి, లేకుంటే దోసకాయ నీరు వదిలి అంతా పలచబడుతుంది.

ఇందులోని పచ్చిమిర్చి ప్రాచీనమైనది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టిన మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ఓడలతో పడమటి తీరానికి చేరింది. అంతకు ముందు వంటలో కారానికి మిరియాలు, అల్లం వంటివే దిక్కు. 1565 తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారినప్పుడు, ఆ కోటలోని వంటశాలల్లో మిరప ఇంకా కొత్తదే అయివుండాలి. వేరుశనగ కూడా ఆ ఖండాలదే. అది అనంతపురం మెట్టపొలాలను ఆక్రమించాక తిరగవాతకు వేరుశనగ నూనె, అంటే చెనక్కాయల నూనె, ఇంటి సరుకైంది.