బ్రోస్ట్ పక్కన వచ్చే చిన్న కప్పు కథ

శుక్రవారం బ్రోస్ట్ తెచ్చుకుంటే బన్ను, ఫ్రైస్, వెల్లుల్లి సాసుతో పాటు మూతేసిన చిన్న ప్లాస్టిక్ కప్పు ఒకటి వస్తుంది కదా, తెల్లగా, కాస్త తియ్యగా, క్యాబేజీ తురుముతో. మన రూముల్లో సగం మంది దాన్ని మూత కూడా తియ్యకుండా చెత్తబుట్టలో పడేస్తారు. "పచ్చి క్యాబేజీ ఏంట్రా, గొడ్లకి మేతేసినట్టు" అంటారు. నేను ఇక్కడ కువైట్‌లో ఒక కేటరింగ్ వంటశాలలో సలాడ్ సెక్షన్‌లో పనిచేస్తాను. రోజూ బస్తాల కొద్దీ క్యాబేజీ నా చాకు కిందే పోతుంది. అందుకని ఆ కప్పంటే నాకు కొంచెం అభిమానం ఎక్కువ. ఇవాళ దాని కథ చెప్తాను. ఎలా చేసుకోవాలో కూడా చెప్తాను గానీ ముందు చరిత్ర. పొడుగ్గానే ఉంటుంది, డ్యూటీ దిగాక తీరిగ్గా చదవండి.

దాని పేరు కోల్‌స్లా. ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తారు కాబట్టి కోల్ అంటే చల్లన అనుకుంటారు చాలామంది. అసలు అది హాలండ్ వాళ్ళ మాట. డచ్చి భాషలో 'కోల్' అంటే క్యాబేజీ, 'స్లా' అంటే సలాడ్, 'సలాడె' అనే మాటని నాలిక మీద కుదించేశారు. రెండూ కలిపి కోల్‌స్లా. ఇంగ్లీషు వాళ్ళకి డచ్చి రాదు కాబట్టి చెవికి తగిలినట్టు 'కోల్డ్ స్లా' చేసుకున్నారు. చల్లటి స్లా ఉంటే వేడి స్లా కూడా ఉండాలి కదా అని అమెరికాలో వేడి వెనిగర్ పోసి 'హాట్ స్లా' కూడా చేశారు. నవ్వకండి, మనం మాత్రం తక్కువా? లాంతరు, ఆసుపత్రి ఇవన్నీ మన చెవులు చేసిన మాటలే.

క్యాబేజీని పచ్చిగా, పుల్లగా తినడం డచ్చివాళ్ళు కనిపెట్టింది కూడా కాదు. క్రీస్తుకి ముందు 2వ శతాబ్దంలో రోమ్‌లో కాటో అని ఒక పెద్దమనిషి వ్యవసాయం మీద పుస్తకం రాశాడు. అందులో క్యాబేజీని మించిన కూర లేదంటాడు. విందులో గట్టిగా తాగి తిందామనుకున్నవాడు ముందే పచ్చి క్యాబేజీ వెనిగర్‌తో తినాలని సలహా కూడా ఇచ్చాడు. ఆ వైద్యం పనిచేస్తుందని నేను హామీ ఇవ్వను. ఎలాగూ కువైట్‌లో మనకి ఆ అవసరం రాదు.

ఇంత కాలం ఈ కూర ఎందుకు నిలిచిందంటే దాని ఒళ్ళు అలాంటిది. ఆకు మీద ఆకు చుట్టుకుని గట్టిగా బంతిలా ఉంటుంది. అరబ్బులు క్యాబేజీని మల్ఫూఫ్ అంటారు, అంటే చుట్టినది అని అర్థం. పాలకూర రెండో రోజుకే వాడిపోతుంది, క్యాబేజీ చల్లటి చోట పెడితే వారాలు కాదు, నెలలు ఉంటుంది. ఉత్తర యూరప్‌లో చలికాలం పొలంలో పచ్చటిది ఏమీ మొలవదు. అప్పుడు నేలమాళిగలో దాచుకున్న క్యాబేజీయే బీదవాడికి పచ్చికూర. చవక, కడుపు నిండుతుంది, దాచుకోవచ్చు. మన రూము వంటకి కావలసిన మూడు గుణాలూ అవే కదా.

1624 ప్రాంతంలో డచ్చివాళ్ళు అట్లాంటిక్ దాటి అమెరికాలో స్థిరపడటం మొదలుపెట్టారు. వాళ్ళ ఊరు పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. 1664లో ఇంగ్లీషు వాళ్ళు దాన్ని లాక్కుని న్యూయార్క్ అని పేరు మార్చారు. జెండా మారింది, పేరు మారింది, ఇళ్ళల్లో తిండి మాత్రం మారలేదు. దీనికి సాక్ష్యం ఉంది. పెహర్ కాల్మ్ అని స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు, లిన్నేయస్ శిష్యుడు, మొక్కలూ విత్తనాలూ సేకరించడానికి 1748లో అమెరికా వెళ్ళాడు. న్యూయార్క్‌కి ఎగువన ఆల్బనీ అనే ఊళ్ళో బస చేశాడు. ఇంగ్లీషు వాళ్ళ పాలన వచ్చి 80 ఏళ్ళు దాటినా ఆ ఊళ్ళో జనం ఇంకా డచ్చే మాట్లాడుతున్నారు. అతనికి బస ఇచ్చిన డచ్చావిడ ఒక రోజు క్యాబేజీని సన్నటి పీలికలుగా కోసి నూనె, వెనిగర్, ఉప్పు, మిరియాలు వేసి బాగా కలిపి పెట్టింది. నూనె బదులు కరిగిన వెన్న కూడా పోసుకుంటారట. తిన్నాక, మనం ఊహించుకునే దానికంటే రుచిగా ఉందని డైరీలో రాసుకున్నాడు.

మొక్కల కోసం వచ్చిన శాస్త్రవేత్త కాబట్టి ఇంటావిడ చేతి కూర గురించి రాసి పెట్టాడు, మనకి తెలిసింది. రాజులూ సేనాధిపతులూ రాసే పుస్తకాల్లో ఎవరు ఏం తిన్నారో ఉండదు, ఉన్నా ఎవరు కోశారో అసలే ఉండదు. 1796లో అమీలియా సిమ్మన్స్ అనే ఆవిడ రాసిన అమెరికా మొదటి వంటల పుస్తకంలో 'స్లా' అనే మాట అచ్చులోకి వచ్చేసింది. ఇక అది డచ్చివాళ్ళ ఒక్కరి సొత్తు కాదు.

ఇప్పుడు ఇటు మన వైపు చూడండి. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కట్టక ముందే, 1605లోనే, డచ్చివాళ్ళు మన బందరులో దిగారు. కంపెనీ వేరు, దేశం ఒకటే. అమెరికా వెళ్ళింది వెస్ట్ ఇండియా కంపెనీ, మన దగ్గరికి వచ్చింది ఈస్ట్ ఇండియా కంపెనీ. మన నేతగాళ్ళ బట్టల కోసం, అద్దకాల కోసం వచ్చారు. వాళ్ళని మన పాతవాళ్ళు వలందులు అనేవారు, హాలండ్ అనే మాట అలా తిరిగింది. బందరులో వలందపాలెం అనే పేరు ఇవాళ్టికీ ఉంది, డచ్చివాళ్ళ సమాధులూ ఉన్నాయి. బందరు అన్నలెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ ఓడల్లో మనుషుల్ని చంపింది తుఫాన్ల కంటే ఎక్కువగా స్కర్వీ. నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పు మాంసం తప్ప పచ్చిది ఏమీ లేక చిగుళ్ళు వాచి రక్తం కారేది, మానిన పాత గాయాలు మళ్ళీ పగిలేవి, చివరికి పోయేవారు. సి విటమిన్ లేకపోవడం అని అప్పుడు ఎవరికీ తెలీదు, పచ్చి కూరలు తింటే తగ్గుతుందని మాత్రం నావికులకి అనుభవం. 1652లో డచ్చి కంపెనీ ఆఫ్రికా కొసన, ఇప్పటి కేప్‌టౌన్‌లో, మజిలీ పెట్టింది అందుకే. వచ్చీపోయే ఓడలకి తాజా కూరలు అందించడానికి అక్కడ పెద్ద తోట వేశారు. ఆ తోట ఉన్న చోటు ఇప్పటికీ పార్కుగా ఉంది.

ఆ కేప్‌లో చాకిరీ ఎవరు చేశారు? బానిసలు. ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ తెచ్చినవాళ్ళు కొందరు, బెంగాల్ నుంచీ మలబారు నుంచీ మన కోరమాండల్ తీరం నుంచీ తీసుకెళ్ళినవాళ్ళు కొందరు. కరువొచ్చినప్పుడు ఈ తీరంలో తిండిలేక అమ్ముడుపోయిన మనుషుల్ని కొని ఓడలెక్కించింది కూడా అదే డచ్చి కంపెనీ. న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ మొదటి నుంచే ఆఫ్రికా బానిసలు ఉన్నారు. కాబట్టి కోల్‌స్లా డచ్చివాళ్ళ వంట అని పుస్తకాల్లో చదివినప్పుడల్లా నాకు ఒక్కటే అనిపిస్తుంది: పేరు వాళ్ళదే, ఒప్పుకుందాం. మొక్క నాటిన చెయ్యి, నీళ్ళు మోసిన భుజం, తరిగిన చాకు ఎవరివో కూడా లెక్కలో రాయాలి కదా. మనలాగా పాస్‌పోర్టు, అగ్రిమెంటు కూడా లేకుండా సముద్రం దాటినవాళ్ళు వాళ్ళు. తిరిగి రావడం అనే మాటే లేదు.

ఓడల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పి ముందుకి పోతాను. 1768లో బయల్దేరిన ఇంగ్లీషు కెప్టెన్ కుక్ తన ఓడలో ఊరబెట్టిన పుల్ల క్యాబేజీ వేసుకెళ్ళాడు. నావికులు ముట్టుకోలేదు, మన రూమువాళ్ళ లాగే. కుక్ వాళ్ళని కొట్టలేదు, తిట్టలేదు. రోజూ ఆఫీసర్ల బల్ల మీద వడ్డించమని చెప్పి, కావలసినవాళ్ళు తినొచ్చు, లేకపోతే మానెయ్యొచ్చు అన్నాడు. పెద్దవాళ్ళు తింటున్నారని తెలియగానే నావికులు ఎగబడ్డారు, చివరికి కొలత పెట్టి పంచాల్సి వచ్చిందట. నిజానికి నిమ్మజాతి పండ్లు స్కర్వీని తగ్గిస్తాయని జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు 1747లోనే పరీక్ష చేసి చూశాడు. దాన్ని నమ్మి నౌకాదళం అమలు చెయ్యడానికి దాదాపు 50 ఏళ్ళు పట్టింది. కిందివాడి ఆరోగ్యం సంగతిలో పైవాళ్ళు ఎప్పుడూ ఇంతే తీరిగ్గా ఆలోచిస్తారు.

మరి ఆ తెల్లటి మయోనైస్ ఎప్పుడు కలిసింది? చాలా ఆలస్యంగా. గుడ్డు పచ్చసొనలో నూనె చుక్క చుక్కగా పోస్తూ చెయ్యి నొప్పి పుట్టేదాకా చిలికితే గానీ మయోనైస్ రాదు. అందుకని అది డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో, పెద్ద హోటళ్ళలో ఉండేది. దాన్ని అందరి ఇంటికీ చేర్చినవాడు మళ్ళీ ఒక వలస మనిషే. రిచర్డ్ హెల్‌మన్ అనే జర్మన్ కుర్రాడు 1903లో న్యూయార్క్ వచ్చాడు, 1905లో కొలంబస్ అవెన్యూలో చిన్న తిండి కొట్టు పెట్టాడు. కొట్లో వాడే మయోనైస్ కోసం జనం అడగడం చూసి 1912లో గాజు సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాడు. సీసా వచ్చాక చిలికే పని పోయింది, కోల్‌స్లా తెల్లబడింది. తర్వాత వేయించిన కోడి దుకాణాలు దాన్ని చిన్న కప్పులో పెట్టి దేశాలన్నీ తిప్పాయి. మనం తినే బ్రోస్ట్ కూడా పేరుకి అరబ్బు తిండి అనుకుంటాం గానీ, ఒత్తిడి పెట్టి నూనెలో వేయించే ఆ యంత్రం 1950లలో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టింది. జెద్దాలో అల్‌బైక్ మొదలైంది 1974లో. కోడితో పాటు కప్పూ ఇలా ఎడారికి చేరింది.

కానీ ఎడారికి కప్పు రాకముందే అరబ్బు ఇళ్ళల్లో ఇలాంటిది ఉంది. లెబనాన్, సిరియా వాళ్ళు మల్ఫూఫ్ సలాడ్ చేస్తారు: సన్నగా కోసిన క్యాబేజీ, దంచిన వెల్లుల్లి, నిమ్మరసం, ఆలివ్ నూనె, ఎండు పుదీనా. నన్నడిగితే మయోనైస్ కప్పు దీని ముందు దిగదుడుపే. మనకీ పచ్చి కూర కొత్తేం కాదు. శ్రీరామనవమి వడపప్పులో పచ్చిమామిడి, దోసకాయ తురుము కలుపుకోమా? కన్నడం వాళ్ళు కోసంబరి చేసుకోరా? క్యాబేజీయే మనకి యూరప్ వాళ్ళ ఓడలతో వచ్చిన కొత్త చుట్టం. దాన్ని ఉడకబెట్టి పెసరపప్పుతో కూర చేసేశాం, అందుకే పచ్చిగా చూస్తే గొడ్ల మేత గుర్తొస్తోంది.

సరే, ఇప్పుడు చేసుకోవడం. నేను చెప్పేది ఆల్బనీ ఆవిడ పద్ధతి, మయోనైస్ లేనిది. అర కేజీ క్యాబేజీ, ఒక క్యారెట్, ఒక చిన్న ఉల్లిపాయ. పై ఆకులు రెండు తీసేసి కడగండి. చాకుతో ఎంత సన్నగా వస్తే అంత సన్నగా కొయ్యండి. తురుము పీటతో తురిమితే క్యాబేజీ నీరుగారి ముద్దవుతుంది, క్యారెట్‌కి మాత్రం పీట వాడండి. క్యాబేజీలో చెంచాడు ఉప్పు వేసి చేత్తో కొంచెం పిసికి అరగంట వదిలెయ్యండి. ఉప్పు ఆకులోని నీటిని బయటికి లాగుతుంది, గిన్నె అడుగున మీకే కనిపిస్తుంది. ఆ నీరు పిండి పారబోయండి. ఈ పని మానేస్తే అదే నీరు తర్వాత సాసులో దిగి సలాడ్ చారవుతుంది. పిండాక మూడు చెంచాల వెనిగర్ లేదా నిమ్మరసం, రెండు చెంచాల నూనె, అర చెంచా పంచదార, దంచిన మిరియాలు కలపండి. మళ్ళీ ఉప్పు వద్దు, బీపీ ఉన్న అన్నలు పిండేముందు ఒకసారి నీళ్ళతో కడిగెయ్యండి. కరకరమనడం ఇంకా కావాలంటే ఉప్పు పని వదిలేసి, కోసిన క్యాబేజీని ఐసు నీళ్ళలో పావుగంట ఉంచి, బాగా వడకట్టి, తినేముందు మాత్రమే వెనిగర్ కలుపుకోండి. చల్లటి నీళ్ళు తాగి ఆకు బిర్రుగా అవుతుంది.

మయోనైస్ వద్దనడానికి ఇంకో కారణం మన ఎండ. మయోనైస్ కలిపిన సలాడ్ గానీ ఏ వండిన తిండి గానీ బయట రెండు గంటలు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటితే గంటే. సైటుకి డబ్బాలో పట్టుకెళ్ళే తమ్ముళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. వెనిగర్‌ది కూడా ఫ్రిజ్‌లోనే ఉంచండి, మూడు రోజులు బాగుంటుంది, రెండో రోజు ఇంకా బాగుంటుంది. 100 గ్రాముల పచ్చి క్యాబేజీలో దాదాపు 35 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంది, ఉడకబెడితే అందులో చాలా భాగం నీళ్ళపాలు. ఖుబ్బూస్, అన్నం, కోడికూర ఈ మూడింటి మీదే నెలంతా గడిపేవాళ్ళకి ఇంత చవకగా పచ్చిది ఇంకేం దొరుకుతుంది? బకాలాలో ఎప్పుడూ ఉంటుంది.

ఇంకొకటి, మధ్యలో ఉండే తెల్ల కాడని పారేయకండి. పైన పీచు చెక్కేసి లోపలి భాగం పుల్లల్లా కోసి కొంచెం ఉప్పూ కారం అద్దుకోండి. మా సలాడ్ సెక్షన్‌లో అది ప్లేట్ల దాకా పోదు, కోసేవాళ్ళమే తినేస్తాం.