గుండె ఎకోకు పునాది ఒక సందేహం

అల్ట్రాసౌండ్‌తో గుండెను చూసే ఎకో పరీక్ష ఏదో ప్రయోగశాలలో యంత్రంగా పుట్టి, ఆ తర్వాత రోగుల దగ్గరికి వచ్చిందని అనుకుంటాం. నిజానికి ముందు పుట్టింది ఒక డాక్టరు సందేహం. యంత్రాన్ని అరువు తెచ్చుకున్నారు. 1950ల తొలినాళ్లలో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే గుండె వైద్యుడు ఆపరేషన్‌కు వెళ్లే రోగులను పరీక్షించేవారు. గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు ఇరుకైతే అప్పట్లో సర్జన్ వేలుపెట్టి విప్పగలిగేవాడు. అదే వాల్వు సరిగా మూసుకోక నెత్తురు వెనక్కి కారుతుంటే ఆ ఆపరేషనే ప్రాణం మీదికి తెచ్చేది. ఇందులో ఏది ఎంతుందో అప్పటి పరీక్షలేవీ తేల్చి చెప్పలేకపోయేవి. ఎడ్లర్ ఈ ముడిని కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త ముందు పెట్టారు. లోహంలో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ పరికరం మాల్మోలోని కోకమ్స్ ఓడల కార్ఖానాలో ఉంది. హెర్ట్జ్ దాన్ని తన ఛాతీకే ఆనించుకున్నారు. గుండె కొట్టుకునే లయలోనే ప్రతిధ్వని కదిలింది. 1953 అక్టోబర్ 29న ఇద్దరూ కలిసి ఆ కదలికలను తొలిసారి నమోదు చేశారు.

ఈ ఘనత పాత భౌతిక శాస్త్రానిది కాదా అని అడగవచ్చు. క్యూరీ సోదరులు ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే స్ఫటికాల గుణాన్ని 1880లోనే కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో లాంజెవిన్ అనే శాస్త్రవేత్త వాటితోనే అల్ట్రాసౌండ్ పుట్టించి జలాంతర్గాముల జాడ తీసే పద్ధతి రూపొందించారు. అయినా ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా వాల్వు కదలిక ఎవరికీ కనబడలేదు, ఏమి వెతకాలో తెలియాలి కదా! ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. ఎడ్లర్ మొదట పొరబడ్డారు. తెర మీద ఎగిసిపడే గీత ఎడమ కర్ణిక ముందు గోడదని నమ్మారు. అయితే ఆ నమ్మకాన్ని ఆయనే పరీక్షకు పెట్టారు. శవాల ఛాతీలో ధ్వని వెళ్లిన దారినే పొడవాటి సూది గుచ్చి, తెరిచి చూశారు. సూది మైట్రల్ వాల్వు ముందు రెక్కను చీల్చుకుని వెళ్లింది. నా దృష్టిలో ఎకో నమ్మదగిన పరీక్ష అయింది ఆ సూదితోనే.

కదలిక తర్వాత నెత్తురు వేగం వంతు వచ్చింది. 1950లలోనే జపాన్‌లో సతోమురా అనే పరిశోధకుడు, కదిలే వస్తువు నుంచి తిరిగొచ్చే ధ్వని స్థాయి మారుతుందనే డాప్లర్ సూత్రాన్ని గుండెకు వర్తింపజేశారు. 1970లలో నార్వేలో హోలెన్, హాట్లే అనే పరిశోధకులు ఆ వేగం నుంచి ఒత్తిడి లెక్కగట్టే దారి చూపారు. వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే చాలు. వాల్వు గుండా నెత్తురు సెకనుకు 4 మీటర్లు దూకితే, దానికి ఇరువైపులా ఒత్తిడి తేడా 64 మిల్లీమీటర్ల పాదరసం. ఒకప్పుడు గుండెలోకి గొట్టం పంపితేగాని తెలియని అంకె ఇది.

ఎడ్లర్‌ను వేధించిన ఆ వాల్వునే కీళ్లవాత జ్వరం మన పిల్లల్లో ఇప్పటికీ పాడుచేస్తోంది. కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లల మీద జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. అందులో స్టెతస్కోపుకు దొరికిన జబ్బుకు దాదాపు పది రెట్లు ఎకోలో బయటపడింది. గొంతునొప్పి తర్వాత జ్వరంతో కీళ్లు వాచిన పిల్లలుంటే, వాపు తగ్గిందని ఊరుకోకండి. డాక్టరుకు చూపించి ఎకో తీయించండి.