శిల వయస్సు నుండి నీటి గుణం వరకు: ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ ఆఫ్రికా పరిశోధన

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలోని గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్ శిలలు. ఇక్కడి బోరుబావులలో ఊరేది ఆ శిలల పగుళ్ళలో నిలిచిన నీరే. శిల ఎంత ప్రాచీనమైనది, దానిలో ఊరే నీరు ఎటువంటిది అనే రెండు ప్రశ్నలనూ తన పరిశోధనలో చేపట్టిన తెలుగు భూవిజ్ఞానవేత్త ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ. ఈ రెండింటిలో మొదటి ప్రశ్న నుండి రెండవదానికి సాగిన ఆయన మార్గంలో ఆఫ్రికా స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఆయన గురువు సి. మహదేవన్. నిజాం రాజ్యపు భూవిజ్ఞాన సర్వేలో పనిచేసి, అనంతరం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూవిజ్ఞాన శాఖను తీర్చిదిద్దిన ఆచార్యుడాయన. అక్కడ అశ్వత్థనారాయణ రేడియోధార్మికత ఆధారంగా శిలల వయస్సును నిర్ణయించే విద్యను చేపట్టారు. యురేనియం నిర్దిష్టమైన వేగంతో సీసంగా మారుతుంది. ఖనిజంలో ఆ రెండింటి నిష్పత్తే దాని వయస్సును తెలుపుతుంది. భారతదేశపు ఆర్కియన్ పర్వతనిర్మాణ చక్రాలపై 1956లోను, తూర్పు కనుమలు, కడప శిలలపై 1964లోను ఆయన పత్రాలు అమెరికా పత్రికలలో వెలువడ్డాయి.

తరువాతి కాలంలో ఆయన టాంజానియాలోని దారెస్సలాం విశ్వవిద్యాలయంలోను, మొజాంబిక్ రాజధాని మపుటోలోను పనిచేశారు. టాంజానియా మధ్యభాగం మన గ్రానైట్ల వలెనే అతిప్రాచీన శిలాఖండం. దానికి తూర్పున ఉన్న శిలామేఖలకు 1951లో ఆర్థర్ హోమ్స్ మొజాంబిక్ మేఖల అని పేరుపెట్టారు. వయోనిర్ణయం చేసే పండితునికి ఇంతకుమించిన క్షేత్రం అరుదు. అయినా సహపరిశోధకులతో కలిసి 1985లో ఆయన ప్రకటించిన ఒక పత్రం శిలల వయస్సు గురించినది కాదు. ఉత్తర టాంజానియాలో ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతపు నీటిని గురించినది.

ఇది తెలుగువారికి పరిచితమైన వ్యాధి. 1937లో నెల్లూరు జిల్లా నుండి దీనిపై వైద్యపత్రం వెలువడింది. నల్లగొండ బాధ సర్వవిదితం. ఇక్కడ ఫ్లోరైడ్‌కు మూలం ప్రాచీన గ్రానైట్. అక్కడ ప్రధానంగా చీలిక లోయలోని నవీన అగ్నిపర్వత శిలలు. కనుక నీటి దోషానికి కారణం శిల ప్రాచీనత కాదు, దానిలోని ఖనిజాలూ, నీరు వాటితో కలిసి ఉన్న కాలమూ.

ఈ మార్పును శాస్త్రాంతర గమనంగా భావించడం సరికాదు. ఖనిజంలోని సీసాన్ని కొలిచే భూరసాయన దృష్టే నీటిలోని ఫ్లోరైడ్‌నూ కొలిచింది. అనంతరం హైదరాబాదులో ఆయన నిర్వహించిన జలవనరుల కేంద్రానికి గురువు మహదేవన్ పేరే పెట్టారు. అందువల్ల ఆయన ఆఫ్రికా సంవత్సరాలను ప్రవాస ఘట్టంగా కాక, తెలుగు నేలపై భూవిజ్ఞాన చరిత్రలో అంతర్భాగంగానే అధ్యయనం చేయవలసి ఉంది.