ఎఱ్ఱజెండా చింపిన ప్రయాణము

మా తాతగారి చిన్ననాట మా యూరి బాటమీదికి తొలిసారి మోటారుబండి వచ్చినప్పుడు, సంతకు పోవుచున్న ఎద్దులు బెదరి, కాడి విఱుచుకొని చేలలో పడినవట. ఆయన ఆ కథను నవ్వుచు చెప్పెడివారు గాని, ఆనాడు బండివాడు నవ్వియుండడు. బాట యెవరిదను ఈ తగవు ఇంగ్లండు దేశమున అంతకుముందే పార్లమెంటువఱకు పోయినది. అది తీరిన దినమును అచ్చటివారు నేటికిని ఒక యాత్రగా జరుపుకొనుచున్నారు. ఆ యాత్రను గూర్చి నేడు మనవి చేసెదను.

1865లో అచ్చట నొక శాసనము పుట్టినది. అప్పటికి పెట్రోలు మోటారు లేదు. ఆవిరితో నడచు బరువుబండ్లు బాటలమీద తిరుగుచుండెను. అట్టి బండి పల్లెపట్టున గంటకు 4 మైళ్లకును, పట్టణమున 2 మైళ్లకును మించి పోరాదు. ఒక మనుష్యుడు ఎఱ్ఱజెండా పట్టుకొని 60 గజములు ముందుగా నడువవలెను. గుఱ్ఱములు బెదరకుండుటకే ఈ యేర్పాటు. దీనిని వెఱ్ఱి చట్టమని పలువురు పరిహసింతురు. ఎద్దుల కథ విన్న నాకు మాత్రము అట్లు తోచదు.

పిమ్మట చిన్న మోటారుబండ్లు వచ్చినవి. 1896 ఆగస్టు 14న క్రొత్త శాసనమునకు రాజముద్ర పడినది. తేలికబండ్ల ముందు మనిషి నడువనక్కఱలేదు. వేగము 14 మైళ్లవఱకు పోవచ్చును. అధికారులు దానిని 12కు తగ్గించిరి. రాజముద్ర పడిన మూడవనాడే, లండను నగరమందలి క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో, కుమార్తెతో ఉత్సవము చూడవచ్చిన బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను నామెను, ప్రదర్శనకై నడుపుచున్న మోటారు ఢీకొని చంపినది. ఆ దేశమున పెట్రోలు మోటారు తగిలి మరణించిన మొదటి పాదచారి ఈమెయే. ప్రమాదవశమున కలిగిన మరణమని విచారణలో తీర్పు చెప్పిరి.

నవంబరు 14న శాసనము అమలులోనికి వచ్చినది. ఆనాడు హ్యారీ లాసన్ అను మోటారు వర్తకుడు లండను నుండి సముద్రతీరమందలి బ్రైటనుకు ప్రయాణ మేర్పాటు చేసెను. ఉదయపు విందులో వించిల్సీ ప్రభువు ఎఱ్ఱజెండాను చింపివైచెను. ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. జెండా పట్టవలెనను నిబంధనను 1878లోనే సడలించియుండిరి. అనగా, చట్టము పదునెనిమిదేండ్ల క్రిందటనే విడిచిన గుడ్డను ఆనాడు చింపిరన్నమాట! జనుల జ్ఞాపకమున నిలిచినది శాసనము కాదు, జెండా. వానలో ముప్పదికి పైగా బండ్లు బయలుదేఱగా, సుమారు సగమే గమ్యము చేరినవి. వానిలో నొకటి రైలెక్కి వచ్చి, ఊరి వెలుపల బురద పూసికొని చేరినదని లోకులు చెప్పుకొందురు.

1927లో ఈ ప్రయాణమును మరల జరిపిరి. యుద్ధకాలమునను, పెట్రోలు కఱవైన 1947లోను, అంటువ్యాధి ప్రబలిన 2020లోను తప్ప, నాటినుండి ఏటేట జరుగుచునే యున్నది. నవంబరు మొదటి ఆదివారము సూర్యోదయవేళ హైడ్ పార్కునొద్ద బండ్లు కూడును. 1905కు పూర్వము చేసిన బండికే ప్రవేశము. ఇది పందెము కాదు. సుమారు 60 మైళ్ల విహారము. కొన్నింటికి చక్రమువంటి చుక్కానికి మాఱు పడవకున్నట్లు ఒక కఱ్ఱయే యుండును. పెక్కింటికి పైకప్పుండదు, కూర్చున్నవారు కంబళ్లు కప్పుకొందురు. మిట్ట వచ్చినప్పుడు బండి యెక్కలేకున్న దిగి త్రోయుదురు. వస్తుశాలలో అద్దములవెనుక నిలిపినచో ఈ యంత్రములు చెడకుండును గాని, వానిని నడుపు విద్య నిలువదు. ఏ మర ఎప్పుడు సడలునో, ఏ చప్పుడు దేనికి గుర్తో, బాటమీదనే తెలియును. అందుచేతనే ఈ శ్రమ నాకు వ్యర్థముగా తోచదు.

బయలుదేఱుటకు ముందు నేటికిని ఎఱ్ఱజెండాను చింపుదురు. దారిలో తక్కిన వాహనములను ఆపివేయరు. కావున ముసలిబండి దగ్గుచు మిట్ట నెక్కుచుండగా, మన బాటమీద ఎద్దులబండి వెనుక బస్సు నిలిచినట్లు, నేటి కార్లు దాని వెనుక బారులుదీరి, మెల్లమెల్లగా బ్రైటను వైపునకు కదలుచుండును.