మన ఇంటి స్విచ్చి ఎవరి చేతిలో? శివనసముద్రం నుంచి స్మార్ట్ ప్లగ్గు దాకా

ఏటా ఆగస్టు 5 దగ్గర పడితే మన సంఘం గ్రూపులో ఒక మెసేజి తిరగడం మొదలవుతుంది. 1905లో అదే రోజున బెంగళూరు సిటీ మార్కెట్ దగ్గర కరెంటు దీపాలు వెలిగాయట, ఆసియా మొత్తంలో మనమే మొదలట. మొదటి మాట నిజం. రెండోది కాదు. డార్జిలింగు పక్కన సిద్రాపొంగులో 1897లోనే నీటితో కరెంటు తీశారు. కలకత్తాలో 1899 నుంచే కంపెనీవాళ్లు కరెంటు అమ్మారు. మన గొప్ప మనకు చాలినంత ఉంది, పక్కూరి వాళ్లది లాక్కోనక్కర లేదు.

మన గొప్ప దూరంలో ఉంది. కావేరి మీద శివనసముద్రం దగ్గర పుట్టిన కరెంటు 1902లో సుమారు 92 మైళ్లు తీగల మీద నడిచి మన కోలారు బంగారు గనులకు చేరింది. దివాను శేషాద్రి అయ్యరు పట్టుబట్టిన పని అది, పూర్తయ్యే నాటికి ఆయన లేరు. ఇంజనీరు జోలీ ద లోత్బినియేర్ నడిపించాడు. బెంగళూరు వీధులకు దీపాలు వచ్చింది గనుల తర్వాత మూడేళ్లకు. ఎండాకాలంలో కావేరి సన్నబడితే గనుల యంత్రాలు మందగించేవి. కన్నంబాడి కట్ట కట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఆ కట్ట వెనక ఉన్న విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం ప్రకాశం వైపు ఉన్న ఊరి పేరని మనవాళ్లకు వేరే చెప్పాలా!

ఇదంతా ఇప్పుడు ఎందుకు తీశామంటే, మన సభ్యుల ఇళ్లలోకి ఈ మధ్య ఒక కొత్త సామాను వచ్చింది. మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు డ్యూటీకి పోయే పిల్లలు, అక్కడ కూడా ఆగక డల్లాస్ దాకా పోయిన పిల్లలు, పండక్కి వచ్చినప్పుడు అమ్మానాన్నల ఇంట్లో ప్లగ్ పాయింటుకు ఒక తెల్ల డబ్బా గుచ్చి పోతున్నారు. స్మార్ట్ ప్లగ్గు. గీజరు కావచ్చు, మోటారు కావచ్చు, దేవుడి గూట్లో సీరియల్ లైట్లు కావచ్చు, ఎక్కడినుంచైనా ఫోనులో వేయొచ్చు, ఆపొచ్చు. సంఘం ఆఫీసులో కూడా పెడదామా అని అడిగినవాళ్లున్నారు. దూరం నుంచి యంత్రాన్ని ఆడించడం మన పెద్దలకు కొత్తేమీ కాదు. వాళ్లు ఆ పని ఏ కట్టుబాట్లతో చేసేవాళ్లో చూస్తే ఈ తెల్ల డబ్బాను ఎలా చూడాలో మనకు తెలుస్తుంది.

మన తాతల్లో చాలామంది చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి గని పనికి వచ్చినవాళ్లే. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. మనుషులను దించే కేజ్ లోపల, దాన్ని ఆడించే వైండింగ్ ఇంజను డ్రైవరు పైన. ఒకరికొకరు కనపడరు, మాట వినపడదు. మధ్యలో ఉన్నది గంట ఒక్కటే. ఎన్నిసార్లు కొడితే ఏం చేయాలో లెక్క ఉంటుంది. అందులో అన్నిటికన్నా చిన్న లెక్కే అన్నిటికన్నా పెద్దది. కేజ్ కదులుతుండగా ఒక్క గంట మోగితే డ్రైవరు ఆపి తీరాలి. ఎందుకు, ఎవరు కొట్టారు అని అడిగేది లేదు. ఇక మనుషులు ఎక్కాలంటే కింద నుంచి గంట పోవాలి, పైనుంచి జవాబు గంట రావాలి, ఆ తర్వాతే కాలు లోపల పెట్టాలి. అంటే, ఆపే హక్కు యంత్రం దగ్గరున్నవాడిది. చెప్పింది చేరిందో లేదో జవాబు వచ్చేదాకా చేరనట్టే.

గని దాటి పల్లెల్లోకి పోతే చెరువు. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి వైపు మనవాళ్లకు నీరుగంటి అంటే ఎవరో చెప్పక్కర లేదు. తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేది ఆయనే. రైతు తన మడికి తాను నీళ్లు మళ్లించుకోవడానికి వీల్లేదు. అయినా ఊరు ఒప్పుకుంది. ఎందుకంటే ఆ నీరుగంటి ఊళ్లోనే ఉంటాడు, కళ్లంలో మన గింజలే కొలుచుకుంటాడు, తప్పు చేస్తే చెరువు కట్ట మీదే నిలదీయొచ్చు.

ఇక ఇంట్లో ప్లగ్గు సంగతి. మొదట ఇళ్లకు కరెంటు వచ్చింది దీపాల కోసమే, ప్లగ్ పాయింట్లు లేవు. అమెరికాలో హార్వీ హబెల్ 1904లో పేటెంటు పొందిన ప్లగ్గు కూడా బల్బు హోల్డరులో బిగించి దానికి సామాను తగిలించేదే. మన పాత ఇళ్లలో బల్బు తీసి, ఆ హోల్డరుకే వైరు తగిలించి ఇస్త్రీ చేసుకున్న కాలం ఇప్పటి డెబ్భై ఏళ్లవాళ్లకు గుర్తుంటుంది. 1934లో వచ్చిన బ్రిటిష్ ప్రమాణం నుంచి మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గులు దిగాయి, చిన్నది 5 ఆంపియర్లు, పెద్దది 15. ఇప్పటి భారత ప్రమాణంలో అవే 6, 16 అయ్యాయి. ఆ పెద్ద ప్లగ్గు మన రాష్ట్రంలో ఒకప్పుడు హోదా. కేఈబీ కాలంలో ఏఈహెచ్ కనెక్షను, అంటే ఆల్ ఎలక్ట్రిక్ హోమ్, ఉన్న ఇల్లంటే గీజరు ఉన్న ఇల్లని లెక్క. పెళ్లి సంబంధాల్లో కూడా ఆ మాట ఒకసారి దొర్లేది.

మన గోడ ప్లగ్గుకు ఒక విశేషం ఉంది. పక్కనే దానికి సొంత స్విచ్చి ఉంటుంది. అమెరికాలో గోడ ప్లగ్గుకు మామూలుగా అది ఉండదు. ఈ చిన్న తేడా దగ్గరకు మళ్లీ వస్తాం.

దూరం నుంచి ఇంటి సామాను ఆడించే ఒక పద్ధతి 1975లో స్కాట్లాండులోని గ్లెన్‌రోథెస్‌లో పుట్టింది. అక్కడి పికో ఎలక్ట్రానిక్స్ చేసిన ఎక్స్‌10 పద్ధతిలో సంకేతం ఇంట్లో ఉన్న కరెంటు వైరు మీదే నడిచేది. ఇల్లు దాటి ఎక్కువ దూరం పోయేది కాదు. మన దేశంలో ఈ అవసరం మొదట బలంగా తగిలింది మిద్దెల్లో కాదు, బోరుబావుల దగ్గర. త్రీ ఫేజు కరెంటు రాత్రి ఏ రెండింటికో ఇస్తారు. వెయ్యి అడుగులు దాటిన బోరు, పొలం రెండు మైళ్ల దూరం, దారిలో పాములు. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ నానో గణేశ్ అనే పరికరం చేశారు. రైతు ఫోను కొడితే మోటారు ఆన్ అవుతుంది, కరెంటు ఉందో లేదో కూడా తిరిగి చెబుతుంది. జవాబు గంట అన్నమాట! ఇలాంటి మొబైల్ స్టార్టర్లు ఇప్పుడు మన తాలూకాల్లోనూ మామూలే. చదువుకున్న పిల్లలు స్మార్ట్ హోమ్ అని చెప్పేదాన్ని టమాటా రైతు వాళ్లకన్నా ముందే వాడాడు. ఈ సంగతి మన సభల్లో ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఇప్పటి తెల్ల డబ్బా లోపల పెద్ద మాయ లేదు. ఒక రిలే, అంటే కరెంటుతో కదిలే చిన్న స్విచ్చి. టక్ మని వినపడేది అదే. పక్కన ఒక వైఫై చిప్పు. 2014లో ఈఎస్‌పి8266 అనే చవక చిప్పు వచ్చాక ఈ డబ్బాలు అందరికీ అందే ధరకు దిగాయి. కానీ దారి చూడండి. డల్లాస్‌లో కొడుకు ఫోను మీద వేలు పెడతాడు, ఆ మాట కంపెనీ సర్వరుకు పోతుంది, అక్కడినుంచి మన ఇంటి వైఫైకి, అక్కడినుంచి ప్లగ్గుకు. చాలా ప్లగ్గులకు పక్క గదిలో నుంచి నొక్కినా ఇదే దారి. మధ్యలో కూర్చున్న ఆ సర్వరు మనకు కనపడని నీరుగంటి. కట్ట మీదికి పిలిచి అడగడానికి లేదు.

ఆ నీరుగంటి ఒకరోజు పని మానేస్తే? ఇది ఊహ కాదు. రివాల్వ్ అనే కంపెనీ హబ్బును, దాన్ని కొన్న నెస్ట్ 2016 మే నెలలో ఆపేసింది. కొన్నవాళ్ల ఇంట్లో డబ్బా మిగిలింది, పని పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పా పెట్టకుండా ఆగిపోయాయి. 2012లో వచ్చి ఈ ప్లగ్గులకు పేరు తెచ్చిన వీమోకు 2026 జనవరి 31తో తన యాప్, సర్వర్లు ఆపేస్తామని బెల్కిన్ కంపెనీ 2025లో ప్రకటించింది. గోడలో బిగించిన గుండ్రటి నల్ల స్విచ్చి యాభై ఏళ్లు పనిచేసిన ఇళ్లు మన కాలనీల్లో ఇంకా ఉన్నాయి. 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం ఈ ఇబ్బందిని కొంత తగ్గిస్తుంది. ఆ గుర్తు ఉన్న ప్లగ్గు ఇంటి లోపల సర్వరు లేకుండానే మాట వింటుంది. కొనేవాళ్లు ఆ గుర్తు చూసి కొనడం మేలు.

గోడ స్విచ్చి దగ్గరకు వస్తే, అసలు గొడవ అక్కడే ఉంది. పని అయిపోయాక స్విచ్చి ఆపడం మన అమ్మలకు చేతి అలవాటు. ఉరుము ఉరిమితే మొదట చేసేదీ అదే. బిల్లు భయం కొంత, పిడుగు భయం కొంత, పెంపకం కొంత. గోడ స్విచ్చి ఆపితే స్మార్ట్ ప్లగ్గు చచ్చిపోతుంది, కొడుకు ఫోనులో ఆఫ్‌లైన్ అని వస్తుంది. వెంటనే ఫోను: "అమ్మా, ఆ స్విచ్చి ముట్టొద్దని చెప్పాను కదా!" కొన్ని ఇళ్లలో ఆ స్విచ్చి మీద సెల్లో టేపు అంటించి పోయారు. ఒక ఇంట్లో బీరువా వెనక ప్లగ్గు పెట్టారు, పక్కనున్న బటన్‌కు ఎవరి చేయీ అందదు. ఆ తల్లి తన ఇంట్లో మోటారు ఆపమని వేరే దేశానికి ఫోను చేయాల్సి వచ్చింది. అక్కడ అర్ధరాత్రి.

మా మాట సూటిగా చెబుతాం. ఆ టేపు తీసేయండి. గనిలో ఒక్క గంట హక్కు లోపలున్న మనిషిది. ఇంట్లో ఆ మనిషి అమ్మ, నాన్న. ఆమె స్విచ్చి ఆపితే యాప్ తెల్లబోనీ, మీ టైమ్ టేబుల్ పాడవనీ. ప్లగ్గు బటన్ చేతికందే ఎత్తులో ఉండాలి, అది నొక్కితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ చూపించాలి. వాళ్లను అడగకుండా పెట్టొద్దు కూడా. ఏ పూట గీజరు వేశారు, ఏ రాత్రి టీవీ ఎంతసేపు నడిచింది అన్నది యాప్‌లో రికార్డవుతుంది. కన్నపిల్లలైనా సరే, ఎవరు చూస్తున్నారో తెలిసే హక్కు వాళ్లకుంది.

కొన్ని లెక్కలు, సభ్యులు పదేపదే అడిగేవి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3000 వాట్లది 13. కాబట్టి గీజరుకు 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గే కావాలి. 6 లేదా 10 ది పెట్టి, పెద్ద ప్లగ్గుకు చిన్న అడాప్టరు తగిలించి నడిపితే ప్లాస్టిక్కు కరిగే వాసనతోనే తెలుస్తుంది. మోటారు మొదలయ్యేటప్పుడు నడిచేదానికి ఐదారింతల కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు చిన్న రిలే కొసలు అతుక్కుపోవచ్చు. అప్పుడు ఫోనులో ఆపినట్టు చూపిస్తుంది, మోటారు నడుస్తూనే ఉంటుంది. మోటారుకు సరైన స్టార్టరే వాడండి. బక్కెట్లో పెట్టే హీటరు రాడ్, ఇస్త్రీపెట్టె, ఈ రెంటినీ దూరం నుంచి వేయనే వేయొద్దు. బక్కెట్లో నీళ్లున్నాయో లేదో, ఎవరైనా చేయి పెట్టారో లేదో డల్లాస్‌కు కనపడదు. ఆక్సిజన్ మిషనులాంటివి ఈ ప్లగ్గుకు తగిలించడం అసలే వద్దు.

ఇంకొకటి, యాప్ సెట్టింగుల్లో లోతుగా దాగి ఉండేది. కరెంటు పోయి వచ్చాక ప్లగ్గు ఏ స్థితికి రావాలి? ఆన్‌కా, ఆఫ్‌కా, ఇంతకు ముందున్నదానికా? మన వైపు రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోతుందో తెలిసినవాళ్లెవరైనా వేడి సామానుకు ఆఫ్ అనే పెట్టుకోవాలి. పాత క్వార్టర్లలో మూడో పిన్నుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో ఒకసారి చూపించాలి. లేకపోతే అది సరిచేసుకున్నాకే మిగతా ముచ్చట.

సంఘం ఆఫీసు విషయానికి వస్తే, వాటర్ కూలరుకు, బోర్డు లైటుకు పెట్టుకోవచ్చని మా అభిప్రాయం. ఖాతా మాత్రం కార్యదర్శి సొంత ఫోను నంబరు మీద తెరవకూడదు. కార్యవర్గం మారితే లైటు వేయడానికి పాత కార్యదర్శిని బతిమాలుకోవాల్సి వస్తుంది. సంఘం పేరున ఒక ఈమెయిల్, పాస్‌వర్డు రిజిస్టరులో. ఇంటి పెద్ద పోయాక ఆయన ఫోనులోనే ఇరుక్కుపోయిన ప్లగ్గుల సంగతి కూడా వింటున్నాం, కాబట్టి ఇళ్లలోనూ ఈ జాగ్రత్త మంచిది.

మీ ఇంటికి మొదటి మీటరు ఏ సంవత్సరంలో వచ్చింది, మొదటి పెద్ద ప్లగ్గు ఏ సామాను కోసం వేయించారు, పెద్దలను అడిగి రాసి పంపండి. వైండింగ్ ఇంజను మీద పనిచేసినవాళ్లు మన కుటుంబాల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర గంటల లెక్క పూర్తిగా రాయించుకోవాలని ఉంది, వాళ్లు ఉండగానే.