పేరంటాలు, ఉయ్యాల, శిడి: ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కృష్ణాజిల్లా ఉయ్యూరులో ఏటా మాఘ శుద్ధ ఏకాదశి నాడు మొదలై పదిహేను రోజులు సాగే వీరమ్మతల్లి తిరునాళ్ళు దిగువ కృష్ణా డెల్టాలోని పెద్ద జనసమ్మేళనాలలో ఒకటి. భర్తతో అగ్నిప్రవేశం చేసిన ఒక గృహిణి స్మృతి ఈ ఉత్సవానికి మూలం. ఈ స్మృతిని కేవలం ‘సతి’ ఆరాధనగా గాని, కేవలం శక్తిపూజగా గాని వివరించడం సరిపోదని, ఉత్సవక్రమంలోని మెట్టినిల్లు, ఉయ్యాల, శిడిబండి అనే మూడు అంశాలే దాని అర్థాన్ని నిర్ణయిస్తున్నాయని ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: తిరునాళ్ళు, పేరంటాలు, సహగమనం, శిడిబండి, గ్రామదేవత, కృష్ణా డెల్టా, దేవాదాయ చట్టాలు.

1. ఉపోద్ఘాతం

ఒకే పని తెలుగునాట ప్రాంతానికొక పేరు పెట్టుకొంది. తెలంగాణలో జాతర, గోదావరి ప్రాంతంలో తీర్థం, కృష్ణా గుంటూరు జిల్లాలలో తిరునాళ్ళు. ‘జాతర’ సంస్కృత ‘యాత్ర’ నుంచి వచ్చింది. ‘తిరునాళ్ళు’ పవిత్ర దినమనే అర్థంగల తమిళ ‘తిరునాళ్’ నుంచి వచ్చింది. వైష్ణవాలయ వ్యవహారంలోని ఈ మాట ఆగమంతో సంబంధం లేని గ్రామదేవత కొలువుకు కూడా స్థిరపడిపోవడం గమనార్హం. పేరు ఆలయానిది, పని ఊరిది. ఉయ్యూరు తిరునాళ్ళను అర్థం చేసుకోవడానికి ఈ ద్వంద్వమే తొలి ఆధారం.

ఈ ప్రాంతపు జనసమ్మేళనాలను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది స్నానప్రధానమైనది. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు పన్నెండేళ్ళకొకసారి వచ్చే కృష్ణా పుష్కరాలు (ఇటీవలివి 2004, 2016), కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వద్ద మాఘపూర్ణిమ స్నానాలు, మంగినపూడి తీరంలో కార్తిక పూర్ణిమ స్నానాలు ఇందులో చేరతాయి. రెండవది దైవప్రధానమైనది. శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, 1929లో ప్రతిష్ఠితమైన చిలకలపూడి పాండురంగడు మొదలైన దేవాలయాల ఉత్సవాలు ఈ కోవలోనివి. మూడవది స్మృతిప్రధానమైనది. ఒకనాడు ఆ ఊళ్ళో మనిషిగా బ్రతికిన వ్యక్తిని తలచుకొని జనం కూడడం దీని లక్షణం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, పల్నాటి కారెంపూడి వీరులు, ఉయ్యూరు వీరమ్మ ఈ మూడవ తరగతికి చెందుతారు. మొదటి రెండింటి ప్రామాణ్యం పంచాంగంలోను, స్థలపురాణంలోను ఉంటుంది. మూడవదాని ప్రామాణ్యం ఇంటిపేరులో ఉంటుంది.

2. కథనం – కాలం

ప్రచారంలో ఉన్న కథ ప్రకారం వీరమ్మ పారుపూడి వారింటి కోడలు. భర్త చింతయ్య కుట్రకు బలై హత్యకు గురయ్యాడు. ఆ కుట్ర వెనుక ఉన్నది గ్రామ కరణం. భర్త మృతదేహంతో వీరమ్మ అగ్నిగుండంలో ప్రవేశించి, అనంతరం ఊరికి ఇలవేల్పు అయింది.

ఈ కథకు పూర్వరంగమైన సమాజాన్ని గుర్తించడం కష్టం కాదు. మద్రాసు ప్రభుత్వం 1830 నాటి ఒకటవ రెగ్యులేషన్ ద్వారా సహగమనాన్ని నిషేధించింది. అంతకుముందు ఏడాది బెంగాలులో ఆ నిషేధం వచ్చింది. వీరమ్మ కథ ఆ నిషేధానికి పూర్వపు ప్రపంచాన్ని చిత్రిస్తుంది. ఆ ప్రపంచంలో ఉయ్యూరుకు సమీపంలోని మచిలీపట్నం గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవు. అక్కడ ఇంగ్లీషువారు 1611లో వర్తకం ప్రారంభించారు. 1618–22 మధ్య ఆ స్థావరంలో పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ తన గోల్కొండ రాజ్యవర్ణనలో సహగమన ఆచారాన్ని ప్రస్తావించాడు. అంటే ఈ ఆచారం డెల్టా జనజీవనానికి అపరిచితమైనది కాదు. అయితే ఆచారం ఉండడం వేరు, ఆచరించిన వారందరిలో ఒకరు మాత్రమే దేవత కావడం వేరు. చరిత్రకారుని ప్రశ్న రెండవదాని గురించి.

కథలో దానికి సమాధానం దొరుకుతుంది. చింతయ్యది సహజమరణం కాదు, హత్య. చంపించినవాడు ఊరి లెక్కలు చేతిలో పెట్టుకొన్న అధికారి. పూర్వపు గ్రామవ్యవస్థలో భూమి హక్కు, శిస్తు, సాక్ష్యం అన్నీ కరణం కలం మీదే ఆధారపడి ఉండేవి. అటువంటివాడు నేరస్థుడైనప్పుడు ఫిర్యాదు ఎవరికి చేయాలి? గ్రామ న్యాయం విఫలమైన చోట కథ అగ్నిని న్యాయస్థానంగా నిలబెట్టింది. కాబట్టి ఈ స్మృతికి కేంద్రం పాతివ్రత్యం ఒక్కటే కాదు, తీరని అన్యాయం కూడా.

వెల్చేరు నారాయణరావు 1986లో ప్రచురించిన ఆంగ్లవ్యాసంలో తెలుగు జానపద మహాకథలను విశ్లేషిస్తూ, భూస్వామ్యం గల కులాల కథలు యుద్ధప్రధానాలై పురుషవీరుల చుట్టూ, వర్తక కులాల కథలు ఆత్మార్పణప్రధానాలై స్త్రీల చుట్టూ అల్లుకొన్నాయని సూచించారు. మొదటిదానికి పల్నాటి వీరకథ, రెండవదానికి కన్యక కథ ఉదాహరణలు. ఉయ్యూరు వ్యవసాయ నేపథ్యం గల ఊరు. అక్కడ యుద్ధవీరుడు గాక గృహిణి కేంద్రం కావడం ఆ విభజన సరిహద్దులను తిరిగి పరిశీలించవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

3. ‘పేరంటాలు’ అనే మాట

సహగమనం చేసిన స్త్రీని సంస్కృత వ్యవహారం ‘సతి’ అంటుంది. తెలుగు పల్లె ఆమెను ‘పేరంటాలు’ అంటుంది. రెండూ పర్యాయపదాలుగా కనిపించినా భావలోకాలు వేరు. పేరంటం ముత్తైదువలు ఒకరినొకరు పిలుచుకొని పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకొనే శుభకార్యం. ఆ పిలుపునందుకొని వచ్చేది పేరంటాలు. మరణించిన స్త్రీకి ఈ పేరు పెట్టడమంటే ఆమెను చితిమీద నిలిపి చూడడం కాదు, గడప లోపలికి పిలవడం. ఆమెకు సమర్పించే పసుపు, కుంకుమ, గాజులు, చీర కూడా ఇంటికి వచ్చిన ఆడపడుచుకు పెట్టేవే.

‘సతి’ అనే మాట మరణక్షణాన్ని శాశ్వతం చేస్తుంది. ‘పేరంటాలు’ అనే మాట ఆ క్షణాన్ని దాటి రాకపోకలను నెలకొల్పుతుంది. ఈ భేదం ఉత్సవక్రమంలో స్పష్టంగా కనిపిస్తుంది.

4. మెట్టినిల్లు, ఉయ్యాల

తిరునాళ్ళ మొదటి రోజున అమ్మవారు పారుపూడి వారి ఇంటి నుంచి, అనగా మెట్టినింటి నుంచి, ఊరేగింపుగా బయలుదేరుతుంది. స్త్రీలు తలపై గండదీపాలు ధరించి వెంట నడుస్తారు. ఉయ్యాల స్తంభాల వద్ద అమ్మవారిని ఉయ్యాలలో ఊపుతారు. ఆ తరువాతే ఆలయ ప్రవేశం.

ఈ క్రమంలో రెండు విషయాలు పరిశీలించదగినవి. మొదటిది: దేవత గుడిలో పుట్టి వీధిలోకి రావడం లేదు, ఇంట్లో నుంచి గుడికి వెళుతోంది. ఆగమ సంప్రదాయంలో ఉత్సవమూర్తి గర్భాలయం నుంచి వెలువడి మాడవీధులు తిరిగి వెనుకకు చేరుతుంది. ఇక్కడ ప్రయాణదిశ తారుమారైంది. గుడి ఆమెకు విడిది, ఇల్లు ఆమెకు స్థానం. రెండవది: ఉత్సవానికి శిఖరం అగ్నిగుండం కాదు, ఉయ్యాల. తెలుగు ఇళ్ళలో ఉయ్యాల పసిబిడ్డకు, పెళ్ళికూతురికి, పండుగకు వచ్చిన ఆడపిల్లకు చెందినది. కథలో నిప్పులోకి వెళ్ళిన స్త్రీని ఉత్సవం ఏటా ఉయ్యాలలో కూర్చోబెడుతోంది. కథ ముగిసిన చోట కర్మకాండ ఆగిపోలేదు, కథను సరిదిద్దింది.

5. శిడిబండి

తిరునాళ్ళ చివరి దశలో జరిగేది శిడిబండి ఉత్సవం. బండికి అమర్చిన వాసానికి బుట్ట కట్టి, అందులో ‘శిడి పెళ్ళికొడుకు’గా పిలిచే యువకుణ్ణి కూర్చోబెట్టి ఊరేగిస్తారు. దళితవాడ నుంచి వచ్చే ఈ యువకుడు లేనిదే ఊరి ఉత్సవం పూర్తికాదు.

‘సిడి’ దక్షిణభారతంలో సుదీర్ఘ చరిత్ర గల మొక్కుబడి. పదహారవ శతాబ్ది ప్రారంభంలో పోర్చుగీసు యాత్రికుడు దువార్తె బార్బోసా విజయనగర రాజ్యంలో కొక్కేలకు వ్రేలాడే మొక్కును వర్ణించాడు. వలస ప్రభుత్వం దీన్ని అనాగరికంగా పరిగణించింది. బెంగాలులో 1865లో నిషేధం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ప్రత్యేక చట్టం చేయడానికి ప్రభుత్వం వెనుకాడి, 1890లలో మేజిస్ట్రేట్ల ఉత్తర్వుల ద్వారా అరికట్టే మార్గాన్ని ఎంచుకొంది. జెఫ్రీ ఆడీ, నికొలస్ డర్క్స్ ఈ వివాదాన్ని విపులంగా చర్చించారు. మొక్కుకొన్నవాని స్వేచ్ఛ, గ్రామపెద్దల బలవంతం, మతంలో జోక్యం చేసుకోరాదన్న ప్రభుత్వ విధానం – ఈ మూడింటి మధ్య ఘర్షణగా ఆ చర్చ సాగింది.

కొక్కెం స్థానంలో చాలాచోట్ల బుట్ట, తాడు, గుమ్మడికాయ వంటి ప్రత్యామ్నాయాలు వచ్చాయి. విజయనగరం పైడితల్లి సిరిమానుపై పూజారి కూర్చునే పద్ధతి ఇదే కుటుంబానికి చెందిన రూపం. అయితే ఆకారసామ్యాన్ని బట్టి ప్రతి బుట్ట వెనుక ఒక కొక్కెం ఉండితీరాలని నిర్ణయించడం శాస్త్రీయం కాదు. ఉయ్యూరులో ఆ యువకుని పేరు ‘పెళ్ళికొడుకు’. అతని పాత్ర బలిపశువు పాత్ర కాదు, వరుని పాత్ర. భర్తను కోల్పోయిన స్త్రీ కథలో చివరకు ఒక పెళ్ళికొడుకు ఊరేగడం యాదృచ్ఛికమని భావించలేము.

ఇక్కడే ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. ఈ పాత్ర గౌరవమా, విధించిన భారమా? హెన్రీ వైట్‌హెడ్ (1916), డబ్ల్యూ. టి. ఎల్మోర్ (1915) వంటి మిషనరీ రచయితలు తెలుగు గ్రామదేవతల కొలువులో దళితుల పాత్ర అనివార్యమైనదని నమోదు చేశారు. కాని ఉత్సవంలో అనివార్యత నిత్యజీవితంలో సమానత్వంగా మారలేదు. పదిహేను రోజుల తరువాత వాడ వాడగాను, ఊరు ఊరుగాను మిగిలిన చరిత్రను విస్మరించి ‘సర్వజన సమైక్యత’ అని వ్రాయడం పరిశోధన అనిపించుకోదు. అట్లాగే ఆ పాత్రను కేవలం అణచివేతగా కొట్టివేస్తే, దాన్ని తమ హక్కుగా నిలుపుకొన్నవారి గొంతు వినిపించకుండా పోతుంది.

6. మాఘమాసం: పంట, కాలువ, చెరకు

జనం కూడడానికి భక్తితోపాటు తీరిక కావాలి, చేతిలో గింజలు కావాలి. 1855లో విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా సేద్యకాలం కాలువల లయకు కట్టుబడింది. వరికోతలు, నూర్పిళ్ళు ముగిసి, మాగాణిలో మినుము ఎదుగుతున్న సమయం మాఘం. బండ్లకు దారులు ఎండి ఉంటాయి, ఎద్దులకు విరామం దొరుకుతుంది. తిరునాళ్ళ తిథి శాస్త్రరీత్యా భీష్మ ఏకాదశి, సేద్యరీత్యా డెల్టా రైతు తీరిక దినం.

నూజివీడు మేకా వంశశాఖ పాలించిన ఉయ్యూరు జమీందారీ 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసింది. అప్పటికే 1940లలో కె.సి.పి. చక్కెర కర్మాగారం ఊరి ఆర్థిక కేంద్రంగా రూపొందుతోంది. మాఘం చెరకు గానుగాడే కాలం కూడా కావడంతో పాత రైతుల తిరునాళ్ళకు కార్మికుల, లారీల, దుకాణాల జనం తోడయ్యారు. జమీందారు పోయినా, కర్మాగారం వచ్చినా మెట్టినింటి నుంచి ఊరేగింపు బయలుదేరే పద్ధతి మారలేదు. పోషకుని కంటే వంశస్మృతి బలమైనదని దీనివల్ల తెలుస్తోంది.

7. ఆలయం – చట్టం

1925 నుంచి మద్రాసు రాష్ట్రంలో హిందూ ధర్మాదాయ బోర్డు వ్యవస్థ, 1951లో కొత్త చట్టం, 1966లో ఆంధ్రప్రదేశ్ చట్టం, 1987లో 30వ చట్టం వరుసగా వచ్చాయి. 1987 చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని రద్దు చేసింది. 1996లో పన్నాలాల్ బన్సీలాల్ పిత్తి కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూనే, స్థాపక కుటుంబానికి పాలకమండలిలో స్థానం ఉండాలన్న దృష్టిని వ్యక్తపరచింది. అయితే ‘స్థాపకుడు’ అనే భావన గుడి కట్టించినవానికి వర్తించేది. పేరంటాలు విషయంలో కుటుంబం దేవతను ప్రతిష్ఠించలేదు, దేవతే ఆ కుటుంబ సభ్యురాలు. చట్టపు పరిభాషలో ఈ బంధుత్వానికి మాట లేదు.

అదే 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో జరిగిన దుర్ఘటన తరువాత సతి నిరోధక చట్టం వచ్చి, సహగమనాన్ని కీర్తించడాన్ని కూడా నేరంగా ప్రకటించింది. ఆ చట్టం ఆశయం నిర్వివాదం. ఒక స్త్రీ దహనాన్ని ఆదర్శంగా ఎత్తిచూపే ఏ వ్రాతను గాని, ప్రసంగాన్ని గాని సమర్థించలేము. అందుచేతనే వీరమ్మను గురించి వ్రాసేవారి బాధ్యత పెరిగింది. అగ్నిప్రవేశాన్ని మహిమగా వర్ణించే కరపత్ర ధోరణి ఒక పొరపాటు. ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికి ఆమెను నామమాత్రమైన ‘పరాశక్తి అంశ’గా మార్చి, హత్యను, కరణాన్ని, మెట్టినింటిని కథ నుంచి తుడిచివేయడం రెండవ పొరపాటు. మొదటిది మరణాన్ని పూజిస్తుంది, రెండవది మనిషిని మరచిపోతుంది.

8. ముగింపు

ఉయ్యూరు తిరునాళ్ళు స్మృతిప్రధాన జనసమ్మేళనమని, అందులో అధికార దుర్వినియోగం వల్ల జరిగిన ఒక హత్య జ్ఞాపకం నిక్షిప్తమై ఉన్నదని, ఉత్సవక్రమం మరణాన్ని గాక రాకపోకలను, ఉయ్యాలను, పెళ్ళిని ముందుకు తెస్తున్నదని పై పరిశీలన వల్ల తేలుతోంది. శిడిబండి విషయంలో గౌరవం, అసమానత రెండూ ఒకే బుట్టలో ఉన్నాయి. వాటిని విడదీసి చూపే క్షేత్రపరిశోధన ఆ వాడ పెద్దల మాటలతోనే మొదలుకావాలి. శాసనాలలో, కైఫీయతులలో రాజుల పేర్లు వెదకడానికి అలవాటుపడిన మన చరిత్రరచన ఒక కోడలి పేరును శతాబ్దాలుగా నిలుపుకొన్న ఊరేగింపును కూడా ఆధారపత్రంగా చదవవలసి ఉంది.