‘దౌ’ యను పదము

ఆంగ్ల బైబిలును గాని ఆ భాషలోని పూర్వకవుల నాటకములను గాని చదువునపుడు ‘దౌ’ యను సర్వనామము తఱచుగా కనబడును. ప్రార్థనలలో వినబడుటచేత అది మిక్కిలి గౌరవవాచకమని పలువురు తలంచుచున్నారు. చరిత్రను పరిశీలించినచో అది మన ‘నీవు’ వంటిదని తేలును.

ప్రాచీనాంగ్లమున ‘దౌ’ ఏకవచనము, ‘యూ’ బహువచనము. అందు గౌరవాగౌరవముల ప్రసక్తి లేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట రాజసభలో ఫ్రెంచి మర్యాదలు పాదుకొనెను. ఒక్కనినే బహువచనముతో సంబోధించు ఫ్రెంచి యాచారము 13వ శతాబ్దినుండి ఆంగ్లమునను వ్యాపించెను. అధికులకు ‘యూ’, సేవకులకు, బిడ్డలకు, ఆప్తులకు ‘దౌ’. కోపము వచ్చినచో సమానునకును ‘దౌ’యే. 1603లో సర్ వాల్టర్ రాలీని రాజద్రోహ నేరమునకై విచారించునపుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డు కోకు బుద్ధిపూర్వకముగా ఆ పదముతోనే ఆయనను అవమానించెను. 1611 నాటి బైబిలు అనువాదకులు మాత్రము పాత వ్యాకరణము ననుసరించి దేవునికిని దాసునికిని ఏకవచనమున ఒక్క పదమునే వాడిరి. నేటి భ్రమకు మూలమిదియే.

17వ శతాబ్ది నడుమ జార్జి ఫాక్సును, అతని అనుచరులగు క్వేకరులును ఈ భేదమును ధిక్కరించిరి. దేవుని యెదుట మనుష్యులందఱు సమానులనియు, ఒక్కనిని పలువురివలె పిలుచుట ముఖస్తుతి యనియు వారి వాదము. ధనికుని, దరిద్రుని, న్యాయాధిపతిని ‘దౌ’ యనియే పలుకరించి, దానికై తిట్లును దెబ్బలును చెఱసాలయు ననుభవించిరి. విలియం పెన్ను లండను కోటలో బందీయై యుండగా వ్రాసి 1669లో ప్రకటించిన గ్రంథమున ఈ యాచారమును సమర్థించెను.

తుదకు సమానత సిద్ధించెను. కాని క్వేకరులు కోరిన తీరున గాదు. ఎవరిని నొప్పింతుమో యను జంకుచేత జనులు అందఱిని ‘యూ’ యనసాగిరి. ‘దౌ’ ప్రార్థనలందును, కవిత్వమందును, ఉత్తర ఇంగ్లండు మాండలికములందును మిగిలెను.

మనమును దేవుని ‘నీవు’ అనియే వేడుకొందుము, అది చనువు. తండ్రియంతటి వయసుగల పాలేరును పదేండ్ల బాలుడు ‘నీవు’ అని పిలిచి, అతనిచే ‘మీరు’ అనిపించుకొనుట ఏ చనువు? పదమునందు దోషము లేదు. అది ఒక్కవైపునకే నడచుటయందున్నది. క్వేకరులు అధికులను దించి సమము చేయ జూచిరి. ఆంగ్లజనులు అల్పులను హెచ్చించి సమము చేసిరి. ఈ రెండవ మార్గము నవలంబించినచో మనకు కలుగు నష్టమేమి?